మూతపడిన రెండు ఫ్యాక్టరీలు: బ్యాటరీ పికప్ ట్రక్కుల కథ

ఈ దేశానికి వచ్చిన కొత్తలో మనలో చాలామంది కొన్న మొదటి కారు చిన్న జపాన్ కారే అయి ఉంటుంది. పికప్ ట్రక్కుతో మనకు అవసరం పడేది ఇల్లు మారినప్పుడో, పండుగ కార్యక్రమానికి స్టేజీ సామాను తేవలసి వచ్చినప్పుడో. అంతకుమించి ఆ బండితో మనకు పరిచయం తక్కువ. అమెరికా వారి సంగతి వేరు. ఫోర్డ్ కంపెనీ వారి ఎఫ్ శ్రేణి ట్రక్కు 1977 నుంచి ఈ దేశంలో అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడుపోతున్న పికప్. పొలానికైనా, వడ్రంగి పనికైనా, ఆదివారం చేపలు పట్టడానికైనా అదే బండి. డెట్రాయిట్ కంపెనీల లాభాల్లో పెద్ద భాగం ఈ ట్రక్కుల నుంచే వస్తుందని ఇక్కడి కార్ల పరిశ్రమలో పనిచేసే మనవాళ్ళందరికీ తెలుసు.

అటువంటి కోటలోకి 2018-2021 మధ్య అరడజను కొత్త కంపెనీలు ఒక్కసారిగా చొరబడ్డాయి. పెట్రోలు అక్కరలేని, బ్యాటరీతో నడిచే పికప్‌లు చేస్తామన్నాయి. వాటిలో కొన్ని నేడు లేవు. కొన్ని బతికి ఉన్నాయి. ఎవరు నిలిచారు, ఎవరు కూలారు, ఎందుకు అన్నది నాకు చాలా కాలంగా ఆసక్తి కలిగించిన విషయం. నేను విడిభాగాలు తయారుచేసే ఒక కంపెనీలో ఇంజనీరుగా పనిచేసినవాణ్ణి కనుక ఈ కథను బండి అందచందాల వైపు నుంచి కాక ఫ్యాక్టరీ గేటు వైపు నుంచి చూడటం అలవాటైంది. ఆ చూపుతోనే మూతపడిన రెండు ఫ్యాక్టరీల చరిత్రను మన సభ్యుల ముందు ఉంచుతున్నాను.

బ్యాటరీ బండి కొత్తదేమీ కాదు

విద్యుత్తుతో నడిచే బండి మన కాలపు వింత అనుకుంటే పొరపాటు. డెట్రాయిట్ నగరంలోనే 1907 నుంచి "డెట్రాయిట్ ఎలక్ట్రిక్" అనే కార్లు తయారయ్యాయి. ఆ పేరుతో బండ్లు 1939 దాకా వచ్చాయి. ఆ రోజుల్లో పెట్రోలు కారును ముందు నిలబడి హ్యాండిల్ తిప్పి స్టార్టు చేయాలి. చెయ్యి విరిగే ప్రమాదం ఉండేది. బ్యాటరీ కారుకు ఆ బాధ లేదు, పొగ లేదు, చప్పుడు లేదు. 1912లో కాడిలాక్ కారుకు ఛార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టర్ వచ్చింది. దానితో పెట్రోలు కారుకున్న పెద్ద లోపం తీరిపోయింది. విచిత్రమేమిటంటే బ్యాటరీ కారును వెనక్కి నెట్టింది కూడా ఒక బ్యాటరీ, ఒక మోటారే.

నగరాల్లో సరుకులు ఇంటింటికీ చేరవేసే బ్యాటరీ ట్రక్కులు మాత్రం మరికొంత కాలం నడిచాయి. కారణం సులభం. ఆ బండి రోజూ తిరిగే వీధులు అవే, దూరం ముందే తెలుసు, రాత్రికి షెడ్డుకు చేరి ఛార్జి చేసుకుంటుంది. పికప్ పుట్టుక ఇందుకు భిన్నం. ఫోర్డ్ కంపెనీ 1925 ఏప్రిల్‌లో మోడల్ టీ బండికి వెనుక ఇనుప తొట్టె బిగించి 281 డాలర్లకు అమ్మింది. ఫ్యాక్టరీలోనే తయారై వచ్చిన తొలి ఫోర్డ్ పికప్ అదే. దాన్ని కొన్న రైతు రేపు ఎంత దూరం పోతాడో, ఎంత బరువు వేస్తాడో అతనికే తెలియదు. కనుక ఆనాడే పికప్ ఒక దారి, బ్యాటరీ ఒక దారి అయ్యాయి. ఈ తేడాను గుర్తుంచుకోండి. వందేళ్ళ తరువాత కూడా కథ దీని చుట్టూనే తిరుగుతుంది.

1990లో కాలిఫోర్నియా రాష్ట్రం ఒక నిబంధన పెట్టింది. పెద్ద కంపెనీలు అక్కడ అమ్మే కార్లలో 1998 నాటికి 2 శాతం పొగ రానివి ఉండాలన్నది దాని సారాంశం. ఆ ఒత్తిడితో జనరల్ మోటార్స్ 1997లో షెవ్రొలే ఎస్-10 పికప్‌కు, ఫోర్డ్ 1998లో రేంజర్ పికప్‌కు బ్యాటరీ రూపం ఇచ్చాయి. అవి ఎక్కువగా విద్యుత్ కంపెనీలకు, ప్రభుత్వ శాఖలకు వెళ్ళాయి. నిబంధన సడలగానే ఉత్సాహమూ సడలింది. బ్యాటరీ రేంజర్ 2002తో ఆగిపోయింది. అంటే పాత కంపెనీలకు విద్య తెలుసు, అవసరం మాత్రం కనపడలేదు. పెట్రోలు ట్రక్కు మీద లాభం బాగా వస్తుంటే ఎవరు మాత్రం కదులుతారు?

ఆ లాభం వెనుక ఒక కోడికూర కథ ఉంది. 1960ల తొలినాళ్ళలో పశ్చిమ జర్మనీ, ఫ్రాన్స్ వంటి దేశాలు అమెరికా కోళ్ళపై సుంకం పెంచాయి. బదులుగా ప్రెసిడెంట్ జాన్సన్ 1964 నుంచి దిగుమతి చేసుకునే చిన్న ట్రక్కులపై 25 శాతం సుంకం వేశారు. కోళ్ళ గొడవ చల్లారినా సుంకం చల్లారలేదు. దాని నీడలో డెట్రాయిట్ ట్రక్కులు బయటి పోటీ పెద్దగా లేకుండా పెరిగాయి. కొత్త కంపెనీలు చిన్న కారును వదిలి పికప్‌నే ఎందుకు ఎంచుకున్నాయో ఇప్పుడు అర్థమవుతుంది. బ్యాటరీ ఖరీదును భరించగల ధర ఆ బండికే పలుకుతుంది.

రూపకల్పన: బల్లకట్టు మీద ట్రక్కు

కొత్త ట్రక్కుల నిర్మాణం స్థూలంగా ఇలా ఉంటుంది. అడుగున బల్లపరుపుగా బ్యాటరీ పెట్టె, ఇరుసుల దగ్గర మోటార్లు, పైన బాడీ. ఇంజన్ ఉండవలసిన చోటు ఖాళీ కనుక అక్కడ సామాను పెట్టుకోవచ్చు. బరువంతా కింద ఉండటం వల్ల మలుపుల్లో బండి పట్టుగా ఉంటుంది. మోటారు మొదటి క్షణం నుంచే పూర్తి బలంతో లాగుతుంది. ఆగి ఉన్న చోట పనిముట్లకు కరెంటు కూడా ఇవ్వగలదు. వడ్రంగికి, ఎలక్ట్రీషియన్‌కు ఇది చిన్న సదుపాయం కాదు.

ఇక కష్టం చూద్దాం. ఒక గ్యాలన్ పెట్రోలులో ఉన్న శక్తి సుమారు 33.7 యూనిట్ల కరెంటుకు సమానం. రివియన్ ట్రక్కు తొలి రూపంలోని పెద్ద బ్యాటరీ సుమారు 135 యూనిట్లది. అంటే అంత బరువైన పెట్టె మొత్తం మోసేది నాలుగు గ్యాలన్ల పెట్రోలు శక్తి మాత్రమే! మోటారు ఆ శక్తిలో అధిక భాగాన్ని చక్రానికి చేరుస్తుంది కనుక ఆ నాలుగు గ్యాలన్లతోనే 300 మైళ్ళ పైచిలుకు పోతుంది. పెట్రోలు ఇంజన్ తన శక్తిలో అధిక భాగాన్ని వేడిగా వృథా చేస్తుంది. అయితే వెనుక పెద్ద ట్రైలర్ తగిలిస్తే గాలి ఎదురొత్తిడి పెరిగి దూరం దాదాపు సగానికి పడిపోతుంది. పెట్రోలు బండికీ పడిపోతుంది గాని అది అయిదు నిమిషాల్లో నింపుకుని పోతుంది. 1925 నాటి రైతు ప్రశ్న మళ్ళీ ఎదురయింది చూశారా?

నార్మల్ పట్టణం

ఇలినాయ్ రాష్ట్రంలో నార్మల్ అనే ఊరుంది. పక్కనే జంటనగరంలా బ్లూమింగ్టన్. అక్కడి బీమా కంపెనీలో కంప్యూటర్ ఉద్యోగాలు చేసే మన తెలుగువారికి ఈ ఊళ్ళు పరిచయమే. నార్మల్‌లో క్రైస్లర్, మిత్సుబిషి కలిసి పెట్టిన కార్ల ఫ్యాక్టరీ 1988లో ప్రారంభమైంది. 2015 నవంబరులో చివరి కారు బయటికి వచ్చాక మిత్సుబిషి దాన్ని మూసేసింది. ఊరికి పెద్ద దెబ్బ.

2017 జనవరిలో ఎవరూ పేరు వినని ఒక కంపెనీ ఆ ఫ్యాక్టరీని 1.6 కోట్ల డాలర్లకు కొన్నది. అదే రివియన్. ఎం.ఐ.టి.లో డాక్టరేట్ చేసిన ఆర్.జె. స్కారింజ్ అనే యువకుడు 2009లో ఫ్లోరిడాలో మొదలుపెట్టిన సంస్థ. మొదట స్పోర్ట్స్ కారు చేద్దామనుకుని, ఆ ఆలోచన మానుకుని, ట్రక్కుల వైపు తిరిగాడు. 2018 నవంబరులో లాస్ ఏంజిలిస్ ప్రదర్శనలో ఆర్1టి అనే పికప్‌ను చూపేవరకు, అంటే తొమ్మిదేళ్ళు, లోకానికి దాని గురించి తెలిసింది బహు స్వల్పం. ఆ తరువాత 2019లో అమెజాన్ 70 కోట్ల డాలర్ల పెట్టుబడికి ముందు నిలిచింది, ఫోర్డ్ 50 కోట్లు పెట్టింది. అదే ఏడాది అమెజాన్ లక్ష డెలివరీ వ్యాన్లకు ఆర్డరిచ్చింది. వ్యాను అంటే మళ్ళీ తెలిసిన వీధి, తెలిసిన దూరం, రాత్రికి షెడ్డు. వందేళ్ళ నాటి ట్రక్కుల లెక్కే. ట్రక్కు మీద గురి పెట్టిన కంపెనీకి ఆ వ్యాను అన్నం ముద్దయింది.

2021 సెప్టెంబరులో తొలి ఆర్1టి ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చింది. ఈ తరం బ్యాటరీ పికప్‌లలో పాత కంపెనీలకంటే ముందు మార్కెట్లోకి దిగింది ఇదే. నాలుగు చక్రాలకు నాలుగు మోటార్లు. వెనుక సీటుకు, తొట్టెకు మధ్య అడ్డంగా ఒక సొరంగం వంటి సామాను అర. పాత ట్రక్కులో ఆ చోట డ్రైవ్ షాఫ్ట్, ఇంధన ట్యాంకుల ఏర్పాటు ఉండటంతో అటువంటి అరకు వీలుండేది కాదు. అదే ఏడాది నవంబరులో షేర్లు 78 డాలర్ల చొప్పున అమ్మి సుమారు 1,190 కోట్ల డాలర్లు సమకూర్చుకుంది.

అంతా పూలబాట అనుకోకండి. 2021లో చేసిన బండ్లు 1,015 మాత్రమే. 2022 మార్చిలో ధర పెంచి, ముందే బుక్ చేసుకున్నవారు మండిపడితే వారి వరకు వెనక్కి తగ్గింది. అదే అక్టోబరులో ముందు చక్రం దగ్గర ఒక బోల్టు సరిగా బిగిసి ఉండకపోవచ్చని సుమారు 13,000 బండ్లను పరీక్షకు వెనక్కి పిలిచింది. అప్పటికి అమ్మినవన్నీ దాదాపు అవే. 2022 ఒక్క ఏడాదిలో నష్టం సుమారు 675 కోట్ల డాలర్లు. అయినా ఉత్పత్తి 2022లో 24,337కు, 2023లో 57,232కు పెరిగింది. 2024 చివరి మూడు నెలల్లో మొదటిసారి బండి ఖర్చుకంటే బండి రాబడి ఎక్కువైంది. అదే ఏడాది జర్మనీ వారి ఫోక్స్‌వాగన్ 580 కోట్ల డాలర్ల వరకు పెట్టడానికి ఒప్పుకుంది. నార్మల్ ఊళ్ళో నేడు వేల మందికి అక్కడ ఉద్యోగం.

లార్డ్స్‌టౌన్

ఇక రెండో ఫ్యాక్టరీ. ఓహాయో రాష్ట్రంలోని లార్డ్స్‌టౌన్‌లో జనరల్ మోటార్స్ 1966లో ఫ్యాక్టరీ తెరిచింది. 1972లో అక్కడి యువ కార్మికులు యంత్రాల వేగానికి ఎదురుతిరిగి చేసిన సమ్మె అమెరికా కార్మిక చరిత్రలో నేటికీ చెప్పుకునే ఘట్టం. 2019 మార్చిలో ఆఖరి షెవ్రొలే క్రూజ్ కారు బయటికి వచ్చాక ఆ ఫ్యాక్టరీ మూతపడింది. ఎన్నో కుటుంబాలు ఇతర రాష్ట్రాల ఫ్యాక్టరీలకు బదిలీపై వెళ్ళాయి. బతుకుతెరువు కోసం ఊరు వదలడం ఎలాంటిదో మనకు వేరే చెప్పనక్కరలేదు.

2019 నవంబరులో స్టీవ్ బర్న్స్ నాయకత్వంలోని లార్డ్స్‌టౌన్ మోటార్స్ ఆ ఫ్యాక్టరీని కొన్నది. జనరల్ మోటార్సే 4 కోట్ల డాలర్లు అప్పిచ్చింది. ఏడు నెలలకే, 2020 జూన్‌లో, దేశ ఉపాధ్యక్షుడు మైక్ పెన్స్ సమక్షంలో ఎండ్యూరన్స్ అనే పికప్‌ను చూపారు. మరుసటి ఏడాదే అమ్ముతామన్నారు. 2020 అక్టోబరులో స్టాక్ మార్కెట్‌కు వెళ్ళి సుమారు 67.5 కోట్ల డాలర్లు సమకూర్చుకున్నారు.

ఎండ్యూరన్స్ రూపకల్పనలో ఒక సాహసం ఉంది. నాలుగు మోటార్లనూ నాలుగు చక్రాల లోపలే అమర్చారు. కదిలే భాగాలు తగ్గుతాయి, మరమ్మతులు తగ్గుతాయి అన్నది వారి వాదన. కాగితం మీద చక్కగానే ఉంది. కాని స్ప్రింగుకు కింద ఉన్న బరువు పెరిగితే ప్రతి గుంతా మోటారుకే తగులుతుంది. చలికాలం తరువాత మన మిషిగన్ రోడ్ల మీద బండి నడిపినవారికి ఈ మాట వివరించనక్కరలేదు. 2021 జనవరిలో ఒక నమూనా బండి మన ఫార్మింగ్టన్ హిల్స్‌లోనే రోడ్డు మీద తగలబడింది. ఏప్రిల్‌లో మెక్సికో ఎడారి పందెంలో దింపిన బండి కరెంటు అనుకున్నదానికంటే ఎక్కువ ఖర్చయి 40 మైళ్ళకే తప్పుకుంది.

మధ్యలో మార్చి నెలలో, షేర్ల పతనం మీద పందెం కాసే ఒక పరిశోధక సంస్థ ఆ కంపెనీ చెప్పుకుంటున్న లక్ష ముందస్తు ఆర్డర్లు నిజమైన ఆర్డర్లు కావని నివేదిక ఇచ్చింది. జూన్‌లో బర్న్స్ రాజీనామా చేశారు. 2022లో ఫ్యాక్టరీని తైవాన్ వారి ఫాక్స్‌కాన్‌కు 23 కోట్ల డాలర్లకు అమ్మేశారు. ఆ సెప్టెంబరులో ఉత్పత్తి మొదలై, కొన్ని పదుల బండ్లు తయారై, 2023 జూన్‌లో కంపెనీ దివాలా తీసింది. ఆర్డర్ల విషయంలో మదుపుదారులను తప్పుదారి పట్టించారని 2024లో ఫెడరల్ సెక్యూరిటీస్ కమిషన్ కూడా అభియోగం మోపింది. పక్కనే జనరల్ మోటార్స్, కొరియా వారి ఎల్.జి.తో కలిసి కట్టిన బ్యాటరీ ఫ్యాక్టరీ మాత్రం 2022లో పని మొదలుపెట్టింది. పాత ఫ్యాక్టరీని ఫాక్స్‌కాన్ కూడా 2025లో అమ్మేసింది.

ఇల్లు కట్టి చూడు, ఫ్యాక్టరీ పెట్టి చూడు

రెండూ ఖాళీ ఫ్యాక్టరీలే. రెండూ చౌకగా దొరికినవే. రెండు ట్రక్కులకూ నాలుగేసి మోటార్లే. తేడా ఎక్కడ వచ్చింది? రివియన్ 2022లో పోగొట్టుకున్న సొమ్ము, లార్డ్స్‌టౌన్ మార్కెట్లో కూడబెట్టిన సొమ్ముకు సరిగ్గా పది రెట్లు. ఇది చదివి డబ్బున్నవాడే గెలిచాడనుకోవచ్చు. అందులో నిజం ఉంది, కాని అది సగం నిజమే. డబ్బు పెట్టినవారు ఊరికే పెట్టలేదు. తొమ్మిదేళ్ళ పని, చూపగల బండి, లక్ష వ్యాన్ల ఆర్డరు చూసి పెట్టారు. లార్డ్స్‌టౌన్‌లో క్రమం తలకిందులైంది. ముందు సభ, తరువాత ప్రకటన, ఆ తరువాత బండి.

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. కార్ల ఫ్యాక్టరీని వారు చూసి ఉంటే దాన్నీ కలిపేవారు. ఒక నమూనా బండిని ఇరవైమంది నేర్పరులు చేత్తో చేయగలరు. తలుపు సరిగా పడకపోతే ఆకురాయితో రుద్ది సరిచేస్తారు. లైను మీద నిమిషానికో బండి పోతున్నప్పుడు రుద్దే తీరిక ఉండదు. వేల భాగాలు వందల ఊళ్ళ నుంచి ఒకే కొలతతో, ఒకే రోజుకు రావాలి. ప్రతి భాగానికీ అచ్చు కావాలి. కొత్త కంపెనీ వచ్చి అచ్చులు చేయమంటే మా వంటి విడిభాగాల వాళ్ళం మొదట అడిగేది, అచ్చు ఖర్చు ముందే ఇస్తారా అని. ఆ ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి కంపెనీ జాతకం చాలావరకు తెలిసిపోయేది.

ఫ్యాక్టరీ, ధనం రెండూ ఉన్నా సులభం కాదనడానికి టెస్లా సైబర్‌ట్రక్ ఉదాహరణ. 2019 నవంబరులో చూపినప్పుడు 39,900 డాలర్లన్నారు. 2023 నవంబరు చివర టెక్సాస్‌లో తొలి బండ్లు అందజేసిన నాడు, వెంటనే దొరికే నమూనా ధర 79,990 డాలర్లు. గట్టి స్టెయిన్‌లెస్ ఉక్కు రేకును మామూలు రేకులా గుండ్రంగా వంచలేరు కనుక బండికి ఆ పలకల ఆకారం వచ్చింది. 2025 మార్చిలో పైకప్పు అంచు రేకులు జిగురు వదిలి ఊడే ప్రమాదముందని 46,000 పైచిలుకు బండ్లను వెనక్కి పిలిచారు. అమ్మకాలు 2024 కంటే 2025లో బాగా పడిపోయాయి.

మిగిలినవారి సంగతి క్లుప్తంగా చెబుతాను. నికోలా వారి బ్యాడ్జర్ పికప్ 2020లోనే ప్రకటితమై ఆ ఏడాదే రద్దయింది. కంపెనీ 2025 ఫిబ్రవరిలో దివాలా తీసింది. పికప్ బొమ్మ చూపిన కనూ 2025 జనవరిలో, ఫిస్కర్ 2024 జూన్‌లో అదే దారి పట్టాయి. పాత కంపెనీలూ సుఖంగా లేవు. 2022లో ఆర్భాటంగా వచ్చిన ఫోర్డ్ ఎఫ్-150 లైట్నింగ్ బ్యాటరీ ట్రక్కును ఆపేస్తున్నట్లు 2025 డిసెంబరులో ఆ కంపెనీ ప్రకటించింది.

ఇక ముందు

మరి ఈ బండికి భవిష్యత్తు లేదా? ఉందనే నా అభిప్రాయం, కాని రూపం మారుతుంది. పెద్ద ట్రైలర్ లాగే లక్ష డాలర్ల ట్రక్కు కంటే, తెలిసిన దూరం తిరిగే చిన్న పికప్‌కే బ్యాటరీ సరిపోతుంది. మన మిషిగన్ రాష్ట్రంలోనే పుట్టిన స్లేట్ అనే కంపెనీ 2025 ఏప్రిల్‌లో చూపిన ట్రక్కు ఈ కోవలోనిది. రెండే సీట్లు, చేత్తో తిప్పే అద్దాలు, రేడియో లేదు, రంగు వేసే షాపే అక్కరలేని ప్లాస్టిక్ బాడీ, 150 మైళ్ళ దూరం. ఇండియానాలోని వార్సాలో పాత ముద్రణాలయం భవనాన్ని ఫ్యాక్టరీగా ఎంచుకున్నారు. కేంద్ర ప్రభుత్వ రాయితీ కలిపి 20,000 డాలర్ల లోపే అని మొదట చెప్పారు. ఆ రాయితీ 2025 సెప్టెంబరుతో ముగిసింది. రంగుల షాపు మానుకోవడం చూస్తే వారు ఫ్యాక్టరీ ఖర్చునుంచే లెక్క మొదలుపెట్టారని తెలుస్తుంది. అది మంచి గుర్తు. జయాపజయాలు మాత్రం లైను మీద తేలవలసిందే.

ఇదంతా మన కుటుంబాలకు ఎందుకంటారా? మన పిల్లలు చదువు ముగించి ఇటువంటి కంపెనీల్లో చేరుతున్నారు. ఆదివారం భోజనాల దగ్గర మనం షేర్ల మాటలు చెప్పుకుంటాం. రివియన్ షేరు 78 డాలర్లకు మార్కెట్లోకి వచ్చి, వారం తిరగకుండా 170 దాటి, 2024లో 10 డాలర్ల కిందికి దిగింది. నిలిచిన కంపెనీ సంగతే ఇది. పోయిన వాటిలో పెట్టినవారి డబ్బు పోయినట్లే. కనుక ఉద్యోగానికైనా, పొదుపు సొమ్ముకైనా మూడు ప్రశ్నలు అడగమని నా సలహా. అచ్చులకు డబ్బు కట్టారా? ఆర్డర్లు ఇచ్చినవారు సొమ్ము కట్టారా, పేరు మాత్రమే రాయించారా? ఒక్క బండీ అమ్మకుండా ఎన్ని ఏళ్ళు జీతాలివ్వగలరు?

ఈ ప్రశ్నలకు బదులు లేని చోట నష్టపోయేది మదుపుదారులు ఒక్కరే కాదు. లార్డ్స్‌టౌన్‌లో ఫ్యాక్టరీ మళ్ళీ తెరుస్తారన్న మాట నమ్మి, బదిలీ వద్దనుకుని ఊళ్ళోనే ఆగిపోయినవారు ఎవరైనా ఉంటే, వారు ఎదురుచూసిన నాలుగేళ్ళకు ఏ దివాలా కోర్టూ లెక్క కట్టదు.